సరళీస్వరముల దగ్గర నిలిచిపోవు పిల్లలు



ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల పల్లెలలో పాటకు కొదవ లేదు. రామమందిరమున భజన కలదు. పండుగనాడు చెక్కభజనయు కోలాటమును కలవు. ఐనను, పిల్లలను సంగీతమునకు పంపిన తలిదండ్రులు మూడవ నెలలోనే "మావానికి అబ్బలేదండీ" యని చెప్పుట తరచుగా వినుచున్నాను. అబ్బకపోవుటకు కారణము పిల్లవానియందే యున్నదా యని నా సందేహము.

మన సంగీతశిక్షకు క్రమము నేర్పరచినవాడు పురందరదాసు అని సంప్రదాయము. శ్రీకృష్ణదేవరాయలు 1514లో మన ఉదయగిరి దుర్గమును గెలుచుకొన్న కాలమువాడే ఆ మహనీయుడు. మాయామాళవగౌళ రాగమున మొదట సరళీస్వరములు, ఆపై జంటస్వరములు, పిమ్మట ఏడు తాళముల అలంకారములు, తరువాత గీతములు. ఈ రాగమునే యెన్నుటలో ఉపాయము కలదు. షడ్జమమునుండి మధ్యమమువరకు మెట్లు ఏ కొలతతో నున్నవో, పంచమమునుండి పై షడ్జమమువరకును అదే కొలతతో నున్నవి. క్రింది సగము పట్టుబడిన చెవికి పై సగము సులభము. కాని ఈ ఉపాయము పిల్లవానికి తెలియదు. తాను పాడునది పాట కాదనుట మాత్రమే వానికి తెలియును. ఇంట వినువారు లేరు, విన్నవారును "ఇంకను అదేనా?" యందురు. వాడు మానివేయక యేమి చేయును?

ఆ మాట నేనును అంటిని. మా మనుమరాలు జంటస్వరములు పాడుచుండగా, పొరుగింటి పిల్ల అప్పుడే కీర్తన పాడుచున్నదని పోల్చి చెప్పితిని. చుట్టములు వచ్చినప్పుడెల్ల "ఒక పాట పాడవే" యని నిలబెట్టితిని, తడబడిన నవ్వితిని. ఒకనాడు హార్మోనియము పెట్టె మూతపడినది. ఎనిమిది నెలలు తెరువలేదు.

తిరిగి తెరిపించినది నేను కాదు, మా యూరి భజన. ఒక శనివారము ఎవరో ఆ పిల్ల చేతికి తాళము లిచ్చి వెనుకపాట పాడుమనిరి. పదిమంది గొంతుల నడుమ ఒక గొంతు తప్పిన నెవరికి తెలియును? తప్పియు సిగ్గుపడని చోటు దానికి అదియే మొదటిది. రెండు మూడు వారములకు పై స్వరము అందుటలేదని తానే గ్రహించి, తానే సరళీస్వరములకు కూర్చుండెను. అవి యెందుకో ఆనాడు దానికి తెలిసినది.

పాడుట యెట్లున్నను వినుట ముందు. గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారి (1946–2020) తండ్రి సాంబమూర్తిగారు నెల్లూరిలో హరికథలు చెప్పినవారు. కుమారుడు శాస్త్రీయముగా సంగీతము నేర్చినవాడు కాడు; ఆ సంగతి ఆయనయే చెప్పుకొనుచుండెడివాడు. చెవి మాత్రము ఇంటనే సిద్ధమైనది. నెల్లూరి ప్రభుత్వ సంగీత పాఠశాలకు 2020లో ఆయన పేరు పెట్టిరి. జపానుదేశమున షినిచీ సుజుకి (1898–1998) యను ఫిడేలు ఉపాధ్యాయుడు, బిడ్డ మాతృభాషను నేర్చినట్లే సంగీతమును నేర్చునని నమ్మి, ముందుగా తల్లిచేత వాద్యము పట్టించెడివాడు. తల్లిని చూచి బిడ్డ తనకును కావలెనని యడుగును. మనము బిడ్డను మాత్రము కూర్చుండబెట్టి దూరదర్శని ముందునకు పోవుదుము!

ఉదయగిరినుండి ప్రతిదినము నెల్లూరు పోయివచ్చుట పిల్లలకు సాధ్యము కాదు. ఉపాధ్యాయుడు వారమున కొకమారు వచ్చిననేమి, తక్కిన ఆరు దినములు ఇంటివారివి. ఆదివారము రెండు గడియలు వేధించుటకంటె, ప్రతి ఉదయము పావుగంట మేలు. శ్రుతి పిల్లవాని గొంతునకు తగినదై యుండవలెను. తండ్రి శ్రుతికి అరచిన గొంతు చెడును. పదమూడు పదునాలుగేండ్ల బాలునకు గొంతు మారును. అప్పుడు "విద్య పోయినది" అనరాదు. కొన్ని నెలలు మెల్లగా పాడనిచ్చి, మృదంగమో ఫిడేలో చేతికిచ్చిన తాళజ్ఞానము నిలుచును. ఈ దశలోనే మనవైపు ఎందరో బాలురు పాటకు దూరమగుచున్నారు.

మొన్న శనివారము మందిరమున మా మనుమరాలే పాట నెత్తుకొన్నది. నడుమ నేను తాళము తప్పితిని. అది పాడుచునే నా వంక చూచి, చేతితో సరిదిద్దినది.