పసివారి పళ్లెం: అడగవలసిన మూడు మాటలు



బెంగళూరులోని ఎన్నో తెలుగు ఇళ్లలో తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్తారు. ఉదయం శిశు సంరక్షణ కేంద్రంలో విడిచిన బిడ్డ సాయంత్రం వరకు అక్కడే తింటుంది. తిన్నదా, లేదా అని ప్రతి తల్లీ అడుగుతుంది. దేనితో వండారు, దేనిలో వడ్డించారు అని అడిగేవారు అరుదు. ఈ ప్రసంగం ఆ రెండవ ప్రశ్నను గురించినది.

శరీరపు బరువుతో పోల్చి చూస్తే పిల్లలు పెద్దలకంటే ఎక్కువ ఆహారం తీసుకుంటారు. కడుపులోకి చేరిన సీసాన్ని వారి శరీరం పెద్దలకంటే నాలుగైదు రెట్లు అధికంగా గ్రహించగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంతవరకు ప్రమాదం లేదనదగిన పరిమాణమేదీ దానికి లేదు.

మొదటి మాట రంగు. పసుపుకు మెరుపు తేవడానికి సీసంతో కూడిన లెడ్ క్రోమేట్ కలపడం తెలిసిన కల్తీయే. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం పీచుమిఠాయిలో రోడమిన్-బి రంగును, గోబీ మంచూరియన్‌లో కృత్రిమ రంగులను నిషేధించింది. కేంద్రంలో విడి పసుపు, విడి కారం వాడక, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సంఖ్య ఉన్న ప్యాకెట్లనే కొనడం మేలు.

రెండవది పాత్ర. వేడి, నూనె తోడైతే ప్లాస్టిక్‌లోని రసాయనాలు ఆహారంలోకి సులభంగా దిగుతాయి. ఇడ్లీ పళ్లేలలో గుడ్డకు బదులు ప్లాస్టిక్ కాగితం పరచి ఉడికించడం 2025 ఫిబ్రవరిలో ఈ రాష్ట్రంలోని తనిఖీలలోనే బయటపడింది. పులుసు, చారు అల్యూమినియం గిన్నెలో నిలవ ఉంచినా లోహం కరుగుతుంది. వేడి అన్నానికైనా, పులుపుకైనా స్టీలు పాత్రే తగినది. ఇంటినుండి డబ్బా పంపేవారికీ ఇదే నియమం.

మూడవది పొట్లం. వార్తాపత్రికలో ఆహారాన్ని చుట్టడం, పెట్టడం 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం నిషిద్ధం. వేడి వడకు అచ్చుసిరా అంటుకుంటుంది.

ఇనుము, కాల్షియం లోపించిన శరీరం సీసాన్ని మరింతగా పీల్చుకుంటుంది. కనుక రాగిజావ, ఆకుకూర పప్పు, పెరుగు ఆకలి తీర్చడమే కాదు, కొంత రక్షణ కూడా ఇస్తాయి.

అడిగితే నొచ్చుకుంటారేమోనని, కన్నడం సరిగా రాదని చాలామంది మౌనం వహిస్తారు. “బణ్ణ హాకబేడి” అంటే రంగు వేయవద్దని. “స్టీల్ తట్టెయల్లి కొడి” అంటే స్టీలు పళ్లెంలో పెట్టమని. ఈ రెండు మాటలు చాలు. వంటమ్మను అనుమానించనక్కరలేదు, ఆమెకు ఇచ్చిన సరుకులతోనే, ఇచ్చిన గిన్నెలలోనే ఆమె వండుతుంది. పది కుటుంబాలు కలిసి స్టీలు పళ్లేలు కొనిస్తే అవి ఏళ్ల తరబడి నిలుస్తాయి.

బిడ్డ తానుగా అడగలేదు. ఆ బిడ్డ తరఫున అడగవలసినవారు పెద్దలే.