శాక్సోఫోన్‌కి నోరు



ఈమధ్య నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "పిల్లాడికి శాక్సోఫోన్ కొన్నామండీ. దాంతో వచ్చిన మౌత్‌పీస్ ఏమీ బాలేదంటున్నారు. మంచిదంటే పాతికవేలట. కొనమంటారా?" అడిగేవాళ్ళలో టీనగర్ వాళ్ళుంటారు, పెరంబూరు వాళ్ళుంటారు. రిటైరయ్యాక ఇప్పుడైనా నేర్చుకుందామని కూర్చున్న పెద్దాయన కూడా ఒకరున్నారు. అందరికీ నా జవాబు ఒకటే: పాతికవేలూ బ్యాంకులోనే ఉండనివ్వండి.

చెన్నైలో ఈ వాయిద్యం మీద ఇంత మోజు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. కద్రి గోపాల్‌నాథ్ గారి చలవ. మంగళూరు ప్రాంతం వారు, నాదస్వర విద్వాంసుడి కొడుకు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ చూసి దాని మీద మనసు పడ్డారు. మద్రాసు వచ్చి టి.వి. గోపాలకృష్ణన్ గారి దగ్గర శిష్యరికం చేశారు. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో, బీబీసీ ప్రామ్స్ వేదిక మీద కర్ణాటక సంగీతం వినిపించారు. అదే ఏడు బాలచందర్ గారి 'డ్యూయెట్' వచ్చింది. ఏ.ఆర్. రెహమాన్ సంగీతం, కద్రి వారి శాక్సోఫోన్. తెలుగులోకీ డబ్ అయిన ఆ సినిమా చూసి ఎందరు కుర్రాళ్ళు ఇంట్లో పోరుపెట్టారో! నేనూ ఆ బాపతే.

సరే, సంగతికొద్దాం. శాక్సోఫోన్ ఒళ్ళంతా ఇత్తడే అయినా నాదం పుట్టేది ఇత్తడిలో కాదు. పైన కొసకి చూపుడువేలంత నల్లటి ముక్క ఒకటి తగిలిస్తారు, అదే మౌత్‌పీస్. దాని అడుగున ఒక కిటికీ, ఆ కిటికీ మీద రెల్లుజాతి మొక్క నుంచి చెక్కిన పల్చటి బద్ద. బద్దనే రీడ్ అంటారు. రీడ్‌ని పట్టి ఉంచే బిగింపు పట్టీ పేరు లిగేచర్. మనం ఊదితే రీడ్ వణుకుతుంది, ఆ వణుకే నాదం. నాదస్వరానికి సీవాళి ఎలాగో దీనికిది అలాగ. కాకపోతే సీవాళిలో రెండు రేకులు ఒకదాన్నొకటి తాకుతాయి, ఇందులో ఉన్నది ఒక్క రేకే. రెండో రేకు పని మౌత్‌పీస్ అంచు చేస్తుంది. అందుకే ఆ అంచు సాఫీగా లేకపోతే ఎంత ఊదినా దండగ.

కొనేటప్పుడు ముందు చూడాల్సింది నోటి కొస దగ్గర రీడ్‌కీ మౌత్‌పీస్‌కీ మధ్య ఉండే సందు. యమహా వాళ్ళ 4సీ అని ఒకటుంది. వాళ్ళ స్టూడెంట్ శాక్సోఫోన్లతో మామూలుగా అదే వస్తుంది. ఆల్టో రకం శాక్సోఫోన్‌కి దాని సందు సుమారు 1.6 మిల్లీమీటర్లు, ఇంచుమించు రూపాయి బిళ్ళ మందం. సెల్మర్ సీ స్టార్ అని పేరుమోసిన ఫ్రెంచి మౌత్‌పీస్ ఉంది, దాని సందు 1.7. ఆ పదోవంతు మిల్లీమీటరుకే ఇంత ధర తేడానా అంటారేమో. పనితనంలో తేడా ఉన్న మాట నిజమే, కానీ మొదటి ఏడాది ఆ తేడా మన పెదవికి తెలియదు.

సందు పెద్దదైతే గొంతు పెద్దదవుతుంది, గాలీ ఎక్కువ కావాలి, శ్రుతి పట్టడమూ కష్టం. నా మొదటి తప్పు ఇదే. ఒక దుకాణంలో తళతళలాడే మెటల్ మౌత్‌పీస్ చూపించి, జాజ్ వాయించేవాళ్ళంతా ఇదే వాడతారన్నారు. కొనేశాను. సందు వెడల్పు, లోపలి కప్పు రీడ్‌కి బాగా దగ్గర. సరళి వరసలు మొదలెడితే కారు హారన్ మోగినట్టుండేది. పక్కింటి మామి మూడోరోజు వచ్చి, "ఏమ్మా, ఇంట్లో అందరూ క్షేమమేనా?" అనడిగింది.

గమకాలు పలికించాలనుకునేవాళ్ళకి ఇంకో మాట. మన సంగీతంలో స్వరం నిలబడి ఉండదు, ఊగుతుంది. ఆ ఊపులో సగం పని దవడదీ పెదవిదీ. సందు మధ్యస్తంగా ఉండి, రీడ్ మెత్తగా, రెండో నంబరో రెండున్నరో అయితే పెదవి మాట వింటుంది. గట్టి రీడ్ పెట్టుకుని మొనగాడిననిపించుకోవాలని చూస్తే దవడ నొప్పి తప్ప గమకం రాదు.

ఇక చేతిలోకి తీసుకుని చూడండి. వెలుతురుకి ఎత్తిపట్టి కిటికీకి అటూ ఇటూ ఉన్న రెండు గట్లూ ఒకే వెడల్పున్నాయా లేదా గమనించండి. పేరూ ఊరూ లేని చవక సరుకులో ఒక గట్టు లావుగా, ఒకటి సన్నగా ఉంటుంది. అలాంటివి మధ్యలో కీచుమంటాయి. కొస అంచు మీద గోరు నడిపితే ఎక్కడా తట్టకూడదు. తర్వాత తడిపిన రీడ్ బిగించి, రెండో వైపు రంధ్రాన్ని అరచేత్తో మూసి, గాలి లోపలికి పీల్చి నోరు తీసెయ్యండి. రీడ్ ఒక క్షణమో రెండు క్షణాలో అతుక్కుని ఉండి టప్‌మని ఊడాలి. వెంటనే ఊడిందంటే ఎక్కడో గాలి కారుతోందన్నమాట. రీడ్ మార్చి మళ్ళీ చూడండి, అప్పుడూ అంతే అయితే ఆ మౌత్‌పీస్ పక్కన పెట్టెయ్యండి. ఈ మాత్రం పరీక్ష చెయ్యనివ్వని దుకాణంలో కొనకండి. నోట్లో పెట్టుకునే వస్తువు కాబట్టి వద్దంటారేమో, అలాంటప్పుడు సొంత రీడ్ తీసుకెళ్ళండి, తర్వాత తుడిచివ్వండి. మౌంట్ రోడ్డు మీద 1842 నాటి నుంచీ నడుస్తున్న మ్యూజీ మ్యూజికల్ లాంటి పాత దుకాణాలున్న ఊరు మనది, నాలుగు చోట్ల తిరిగి చూసుకునే వీలుంది.

ఇంట్లో చేసుకునే పరీక్ష మరొకటి. వాయిద్యం పక్కనపెట్టి ఆల్టో మౌత్‌పీస్ ఒక్కటే ఊదండి. ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుంటే 880 హెర్ట్‌జ్ దగ్గర, అంటే పాశ్చాత్యుల 'ఏ' స్వరం దగ్గర నిలబడాలి. పైకి పోతోందంటే పెదవితో నొక్కేస్తున్నారని అర్థం. మౌత్‌పీస్ మార్చాలా, మనం మారాలా అన్నది అక్కడే తేలిపోతుంది.

మిగిలిన డబ్బుతో రీడ్ల డబ్బా ఒకటి కొనుక్కోండి. మూడు రీడ్లు రోజుకొకటి చొప్పున మార్చి మార్చి వాడితే ఎక్కువకాలం వస్తాయి. ఏసీ గదిలో వదిలేస్తే కొసలు అలల్లా వంకర తిరుగుతాయి, గాజుపలక మీద బల్లపరుపుగా ఉంచండి.

కొన్నాళ్ళయ్యాక ప్లాస్టిక్ మౌత్‌పీస్ చాలదనిపిస్తే ఎబొనైట్‌కి వెళ్ళవచ్చు. ఎబొనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. మనకి కొత్తదేం కాదు, రాజమండ్రి రత్నం పెన్నులు చేసేది దాంతోనే. దాన్ని వేడినీళ్ళలో కడగకూడదు, ఎండలో పెట్టకూడదు. అలా చేస్తే నలుపు పోయి ఆకుపచ్చ రంగు తిరుగుతుంది, నోట్లో పెట్టుకుంటే గంధకం వాసన. మా తాతగారి రత్నం పెన్ను కిటికీలో ఏళ్ళ తరబడి పడి ఉండి సరిగ్గా ఆ రంగుకే వచ్చింది.