పెద్దవాళ్లు అడగరు, మనమే ఇవ్వాలి
(వేసవి ప్రత్యేక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేసవి జాగ్రత్తల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. మనమంతా అరవై దాటినవాళ్లమే. అయినా చాలామంది ఇళ్లలో మనకంటే పెద్దవాళ్లున్నారు. ఎనభై అయిదేళ్ల అమ్మ, తొంభై ఏళ్ల మామగారు. పిల్లలు ఆఫీసులకు వెళ్లిపోతే పగలంతా వారిని చూసుకునేది మనమే. కాబట్టి ఈ మాటలు వారికీ, మనకూ కూడా.

వడదెబ్బ ఎంత పని చేస్తుందో మనం చూశాం. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి పదిహేను వందలకు పైగా ప్రాణాలు పోయాయి. వారిలో ఎండలో పనిచేసే కూలీలతోపాటు వృద్ధులూ ఎక్కువే. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది.

ఎండలోకి వెళ్లకపోతే భయం లేదనుకోవద్దు. మన శ్రీనగర్ కాలనీలో ఒకప్పుడు చెట్లూ పెరడూ ఉన్న ఇళ్లుండేవి. ఇప్పుడు చాలావరకు అపార్ట్‌మెంట్లే. పై అంతస్తులో శ్లాబు పగలంతా కాగి, రాత్రంతా ఆ వేడిని గదిలోకి దింపుతుంది. గది వేడి నలభై డిగ్రీలు దాటితే ఫాను గాలి కూడా వడగాలే. అప్పుడు పెద్దవారి పడకను కింది అంతస్తుకో, చల్లగా ఉండే గదికో మార్చాలి. కూలరు పెడితే కిటికీ తెరిచి ఉంచాలి, లేకుంటే ఉక్కపోతే మిగులుతుంది.

అసలు చిక్కు మరొకటి. వయసు మీరినకొద్దీ దాహం తెలియదు, చెమట సరిగా పట్టదు. ఒంట్లో నీరు తగ్గినా నోరు ఎండినట్టు అనిపించదు. బి.పి.కి, గుండెకు వాడే కొన్ని మాత్రలు ఒంట్లో నీటిని మరింత బయటకు పంపుతాయి. కనుక ‘దాహమేస్తే అడుగుతారులే’ అని కూర్చోకూడదు. గంటకోసారి అర గ్లాసు నీళ్లో, పలుచని మజ్జిగో మనమే చేతికివ్వాలి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి ఎంత నీరు, ఎంత ఉప్పు అన్నది డాక్టరుగారిని ముందే అడగాలి. మాత్రలు మాత్రం మనంతట మనం ఆపకూడదు.

ఇచ్చినా తాగనివారుంటారు. ఒక పెళ్లిలో మా మేనత్తగారు పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు ముట్టలేదు. కారణం ఏమిటని అడిగితే, ‘బాత్రూము కింద ఉందట నాయనా, మెట్లు దిగి ఎక్కలేను’ అన్నారు. చాలామంది పెద్దవాళ్ల సంగతి ఇదే. ఒకరికి శ్రమ ఇవ్వడం ఇష్టంలేక గొంతు ఎండగట్టుకుంటారు. పెళ్లికైనా, తీర్థయాత్రకైనా ముందు బాత్రూము ఎక్కడుందో చూడండి. తీసుకువెళ్లడానికి ఒక మనిషిని ఒప్పజెప్పండి. అప్పుడు నీళ్లు వాళ్లే అడిగి తాగుతారు.

ఎండలని చెప్పి వారిని ఇంట్లో కట్టిపడేయమని నేననడం లేదు. మే నెలలోనే పెళ్లిళ్లు, మనవల సెలవులు, ఆవకాయ. అన్నింటికీ వద్దంటే వారికి బతుకేముంది? ముహూర్తం మిట్టమధ్యాహ్నమైతే ఉదయమే హాలుకు చేర్చి, చల్లని గదిలో కూర్చోబెట్టి, ఎండ చల్లారాకే ఇంటికి తీసుకురండి. గుడికి ఉదయం ఏడులోపో, సాయంత్రం ఆరు తర్వాతో వెళ్లవచ్చు. మిరపకాయలు, ఆవాలు మేడమీద ఎండబెట్టే పని మనవలకు ఇవ్వండి. ఆవపిండి, ఉప్పు, కారం పాళ్లు మాత్రం నీడన కూర్చుని అమ్మమ్మే చెప్పాలి. ఆ పెత్తనం ఆమెదే.

తల తిరగడం, వికారం, పిక్కలు పట్టేయడం మొదటి హెచ్చరికలు. నీడలో పడుకోబెట్టి, తెలివిగా ఉంటే ఓ.ఆర్.ఎస్. నీళ్లు కొంచెం కొంచెంగా పట్టాలి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడితే ‘వయసు మీద పడింది’ అనుకోవద్దు. అది వడదెబ్బ కావచ్చు. వెంటనే 108కి ఫోను చేయండి. పంజాగుట్టలో నిమ్స్ దగ్గరే కదా అని కారు వచ్చేదాకా ఊరికే కూర్చోవద్దు. బట్టలు వదులుచేసి, ఒళ్లంతా తడిపి, విసరాలి. మెడ దగ్గర, చంకల్లో ఐసు గుడ్డలు పెట్టాలి. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

చివరిగా ఒక మనవి. పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉండి, ఒంటరిగా ఉంటున్న సభ్యులు మనలో ఉన్నారు. ఈ వేసవికి అలాంటివారి పేర్లు రాసుకుని, ఒక్కొక్కరికి ఒక సభ్యుడు రోజూ పదకొండింటికి, నాలుగింటికి ఫోను చేసే ఏర్పాటు చేద్దాం. ఫోను ఎత్తకపోతే వెళ్లి తలుపు తడదాం. ఇందుకు సంఘం నిధులు అక్కర్లేదు. మనకున్న తీరిక చాలు.