కొమ్ము పలుకు స్వయంభూ స్వరములు
(సంఘ సంగీత సభలో చదివిన ప్రసంగ పాఠము)



హార్న్ అనగానే మనకు తోచునది మధుర బస్సు. ముందు వరుసలోని పిల్లలు అప్పుడే నవ్వుచున్నారు. నేను చెప్పబోవునది యూరపు వాద్యబృందములలో ఆ పేర చెల్లు ఒక ఊదువాద్యమును గూర్చి, దానికై మన కాలమున వెలువడిన ఒక కృతిని గూర్చి. ఒక వాద్యమును ముందు నిలిపి, తక్కిన బృందము దానితో ఒకప్పుడు కలియుచు, ఒకప్పుడు వాదించుచు సాగు రచనను వారు కన్చెర్టో అందురు. ఈ కృతి పేరు ‘హాంబర్గ్ కన్చెర్టో’. కర్త జ్యోర్జ్ లిగెటి.

ముందు వాద్యము సంగతి. ఇంచుమించు 12 అడుగుల ఇత్తడి గొట్టమును చుట్టగా చుట్టి, సన్నని కొనను పెదవులకానించి, విప్పారిన కొనలో కుడిచేయి నుంచి ఊదెదరు. వేటలో పుట్టిన వాద్యమిది. మన దక్షిణదేశపు ఉత్సవములలో స్వామి ఊరేగింపునకు ముందు మ్రోగు కొమ్మునకు దూరపు బంధువు. కొమ్మునకు రంధ్రములు లేవు, మీటలు లేవు. పెదవుల బిగువుచేతనే స్వరము మారవలెను. పూర్వము యూరపు హార్నునకును ఇదియే గతి.

ఇట్టి గొట్టము మనము కోరిన స్వరము నీయదు. తనకు సహజమైన వానినే ఇచ్చును. అట్టడుగు స్వరమును షడ్జమనుకొందము. పెదవులు బిగించిన కొలది పై షడ్జము, దానిపై పంచమము, మరల షడ్జము, పిదప అంతర గాంధారము, పంచమము వచ్చును. ఇంతవరకు పెద్ద తగవు లేదు. ఏడవ స్వరముతో చిక్కు మొదలగును. అది నిషాదమే, కాని పియానోపై రెండు ప్రక్క మెట్ల నడుమ దూరమును 100 పాళ్ళు చేసినచో, ఈ నిషాదము పియానోలోని కైశికి నిషాదమునకు 31 పాళ్ళు దిగువనుండును. పదునొకండవది మరి విచిత్రము: శుద్ధ మధ్యమమునకు, ప్రతి మధ్యమమునకు ఇంచుమించు నట్టనడుమ నిలుచును. దానిని ఏ మెట్టుపైనను కూర్చుండబెట్టలేము.

ఇది మనవారికి క్రొత్త విషయము కాదు. 1550లో విజయనగరమున రామరాయల ప్రోత్సాహముతో రామామాత్యుడు ‘స్వరమేళకళానిధి’ని సంస్కృతమున రచించెను. వీణ తంత్రిపై తమంత తాముగా పుట్టు స్వరములను ఆయన స్వయంభూ స్వరములనెను. తంబురా శ్రుతి చక్కగా కలిసినపుడు ఎవరును మీటని గాంధారము వినవచ్చుట మీలో సంగీతము నేర్చిన వారెరిగినదే. (మన పూర్వుల కథలు విజయనగరముతో ముడిపడియున్నవి గనుక ఈ పేరు తలచుట నాకొక వేడుక.)

యూరపువారు మాత్రము ఆ ఏడవ, పదునొకండవ స్వరములను తప్పులుగా నెంచిరి. 18వ శతాబ్దమున గొట్టపు నోటిలో చేయి మూసియు తెరచియు వానిని సవరించిరి. మోట్సార్టు తన మిత్రుడు లాయిట్‌గేబునకై వ్రాసిన కన్చెర్టోలు అట్టి వాద్యమునకే. 1818 ప్రాంతమున జర్మనీలో వాల్వులు వచ్చినవి. మీట నొక్కిన గొట్టము పొడవు మారును, కావలసిన స్వరము సరిగా వచ్చును. హార్ను బాగుపడినదనిరి. బాగుపడిన మాట నిజమే. దాని సొంత పలుకు కొంత మరుగునపడిన మాటయు నిజమే.

ఇక లిగెటి. ఈయన 1923లో రుమేనియాలోని ట్రాన్సిల్వేనియాలో, నేడు తర్నవేన్ అనబడు పట్టణమున, యూదు కుటుంబమున జన్మించెను. ఇంటి భాష హంగేరియను, రాజ్యభాష రుమేనియను. ఈ స్థితి ఎట్టిదో ఈ సభకు నేను విప్పి చెప్పనక్కరలేదు. చిన్ననాడు కార్పేతియన్ కొండలలో ‘బూచుమ్’ అను పొడవైన కొమ్మును ఆయన వినెను. బడిలో నేర్పు స్వరములకు అది సరిపడలేదు, అయినను అది ఆ చెవిని విడువలేదు. తండ్రియు, తమ్ముడును నాజీల శిబిరములలో మరణించిరి. యుద్ధానంతరము బుడాపెస్టులో 1951లో వ్రాసిన ‘రుమేనియను కన్చెర్టో’లో ఆ కొండకొమ్ము పలుకునే దిద్దక హార్నులచేత పలికించెను. ఒక అభ్యాసమైన పిమ్మట ప్రభుత్వము ఆ కృతిని నిషేధించెను. అది సభకెక్కుటకు 1971 వరకు ఆగవలసివచ్చెను. 1956లో ఆయన హంగేరీ విడిచిపోయెను. 1973 నుండి 1989 వరకు హాంబర్గులో రచనాశాస్త్రము బోధించెను.

1998-99లో, ముదిమిలో, ‘హాంబర్గ్ కన్చెర్టో’ వ్రాసి ఆ బాల్యపు పలుకును తిరిగి అందుకొనెను. ఏకవాద్యకారుడు వాల్వుల హార్నును, వాల్వులు లేని సహజ హార్నును రెంటిని వాయింపవలెను. బృందములో నలుగురు సహజ హార్నులనే పట్టుకొందురు. నాలుగింటి షడ్జములును వేరువేరు. కాగా ఒకదాని ఏడవ స్వరము మరియొకదాని పదునొకండవ దానికి ప్రక్కగా వచ్చి నిలుచును. ఏ హార్నును తన షడ్జమునకు ద్రోహము చేయదు, ఏ రెండును ఒక మెట్టుపై కలియవు. ఆ నాలుగు కలిసి లేపు నాదము పియానోపై పుట్టదు. మొదట వినునపుడు మబ్బు పట్టినట్లుండును; రెండవ మారు ఆ మబ్బులో రంగులు కానవచ్చును.

మన ఇండ్లలోని తెలుగు వినిన కోస్తా బంధువులు చిరునవ్వు నవ్వుట మీరందరు చూచినదే. వారి కొలబద్ద వారిది. మన పలుకు శతాబ్దములుగా ఈ కొండల క్రింద, తమిళపు ప్రక్కన, తన షడ్జమును పట్టుకొని వచ్చినది. ఈ కృతిని మీ ముందు పెట్టవలెనని నాకు తోచుటకు ఇదియు నొక కారణము.

కృతిలో రెండు శీర్షికలు మన చెవికి దగ్గరవి. ‘అక్సాక్’ అనగా తుర్కీ భాషలో కుంటినడక. రెండు, మూడు లెక్కలను కలిపి నడపు లయ. చాపు తాళము వినిపెరిగిన మనకది కుంటుగా తోచదు. రెండవది ‘హోకెటుస్’. ఒకే గీతమును ముక్కలు చేసి వాద్యములు వంతులుగా పలుకుట. మధ్య ఆఫ్రికాలోని బండా-లిండా జనుల కొమ్ముబృందములో ఒక్కొక్కడు ఒక్క స్వరమునే ఊదును. అందరి వంతులు కలిసి గీతమగును. ఆ సంగీతమును గూర్చి సిమ్హా ఆరొమ్ వ్రాసిన గ్రంథపు 1991 నాటి ఆంగ్ల ప్రతికి లిగెటియే పీఠిక వ్రాసెను.

కృతిలో లోపము లేదనను. మొత్తము పావుగంట; ఏడు భాగములు, వానిలో మరల తునకలు. ఒక నాదము చెవిలో కుదురుకొనునంతలో తునక ముగియును. ఆలాపన విస్తారమునకు అలవడిన మనకిది ఆకలి తీరని విందు. విమర్శకులేమనినను, ఇంత చక్కని నాదమునకు మరి కొంత విశ్రాంతి యీయవలసినదని నా తలంపు.

2001 జనవరిలో హాంబర్గున మారీ లూయీజ్ నాయ్‌నెకర్ అను విదుషీమణి దీనిని మొదట వాయించెను. అప్పటికి ఆరు భాగములే. ‘హిమ్నుస్’, అనగా స్తోత్రము, అను ఏడవ దానిని లిగెటి తరువాత చేర్చెను. 2006లో ఆయన మరణించెను.

ఇపుడు ఆ విదుషీమణి వాదనమునే రికార్డుపై వినిపించెదము. దయచేసి పంకాలు ఆపనిండు. ఉక్క పోయును, నిజమే. కాని వాని హోరులో పదునొకండవ స్వరము వినబడదు.