గానుగ ఏడాదంతా ఆడదు

మన అనకాపల్లి బెల్లం అందరికీ తెలుసు. కానీ చెరకు పెరగడానికే పది, పన్నెండు నెలలు పడుతుంది. గానుగ ఆడేది చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకే. వానల్లో రైతు బెల్లం వండడు. అలాగని ఖాళీగానూ ఉండడు, చెరకు పడిపోకుండా జడచుట్లు వేస్తాడు.

మనమేమో 365 రోజులూ రీల్స్ పెట్టాలనుకుంటాం. నిద్ర, ఇంట్లోవాళ్లు అన్నీ తర్వాతే!

ఈ వానాకాలం నేను వారానికి మూడు వీడియోలు కాదు, ఒక్కటే చేస్తా. మిగతా టైమ్ చదవడానికి, నాన్నతో కూర్చోడానికి. వ్యూస్ తగ్గుతాయా? తగ్గనివ్వండి.

మీ ఐడియాల్లో ఇంకా పెరగాల్సినవి వదిలేయండి. పండినదాన్ని మాత్రం ఆపకండి. నరికిన చెరకు నిల్వ ఉంచితే తీపి తగ్గిపోతుంది కదా! మరి ఈ సీజన్‌కి మీరు పట్టుకునే ఒక్క పని ఏది?