సింహళములో మన రాయబారులు

నగరి, పుత్తూరు ప్రాంతములలో ధర్మరాజుల గుడి ముందు భారతము జరుగునప్పుడు రాయబార ఘట్టమునకు జనము విరగబడి వత్తురు. అయిదూళ్లయినను ఇమ్మని అడుగుటయే ఆ రాయబారమునకు సారము. నిలువ నీడ లేనివారి పక్షమున మాటలాడువాడే రాయబారి. ఈ కొలతతోనే సింహళమునకు వెళ్లిన మన రాయబారుల చరిత్రను నేడు మేము ముచ్చటింపదలచినాము.

సింహళము మనకు క్రొత్త గాదు. 1739 మొదలు 1815 వరకు కాండీ నేలిన నాయకరాజులు మధుర సీమనుండి వెళ్లిన తెలుగు మూలమువారు. వారిలో కడపటివాడైన శ్రీవిక్రమరాజసింహుని ఇంగ్లీషువారు పట్టుకొని, మనకు పొరుగుననున్న వేలూరు కోటలో నుంచిరి. ఆయన 1832లో అక్కడనే మరణించెను.

అటుపిమ్మట సముద్రము దాటినవారు రాజులు గారు, కూలీలు. కాఫీ, తేయాకు తోటలలో పనికై లక్షలాది జనము, ముఖ్యముగా తమిళ జిల్లాలవారు, వెళ్లిరి. వారి బాగోగులు చూచుటకై భారత ప్రభుత్వము 1923లో కాండీలో ఒక ఏజెంటును నియమించెను. మన రాయబార కార్యాలయమునకు పునాది ఆ కూలీల కష్టమే యన్నమాట.

1947లో స్వతంత్ర భారతము తన తొలి హైకమిషనరుగా వి.వి. గిరిగారిని కొలంబోకు పంపెను. కామన్వెల్తు దేశములు తమలో తాము పంపుకొను రాయబారికి ఆ పేరు. బరంపురమున పుట్టిన గిరిగారు రైల్వే కార్మికుల నాయకులు. కూలివాని బాధ ఎరిగినవారు. ఆయన 1951 వరకు అక్కడ నుండిరి. ఆయన యుండగనే 1948లో సింహళ ప్రభుత్వము పౌరసత్వ శాసనము చేసెను. తోటలలోని భారత సంతతివారిలో అత్యధికులు ఏ దేశమునకును చెందనివారైరి. మరుసటి యేట ఓటును పోయెను. ఎంతటి రాయబారి మాటకైనను హద్దు కలదు.

1964 అక్టోబరులో లాల్ బహదూర్ శాస్త్రిగారును, సిరిమావో బండారనాయకగారును ఒడంబడిక చేసికొనిరి. 9,75,000 మందిలో 5,25,000 మంది భారతమునకు, 3,00,000 మంది సింహళమునకు. మిగిలిన 1,50,000 మందిని 1974లో చెరిసగముగా పంచుకొనిరి. లెక్క సరిపోయినది. కాని తోటలో పుట్టి, తోటలో పెరిగినవానికి ఎన్నడును చూడని నేలను స్వదేశమనిరి. 1987 ఒప్పందమునాటి హైకమిషనరు జె.ఎన్. దీక్షిత్‌గారి కథ వేరొక ప్రసంగమునకు తగినది.

పౌరసత్వము లేక మిగిలిపోయినవారికి 2003లో శ్రీలంక పార్లమెంటు చట్టము చేసి ఆ హక్కు నిచ్చెను. 1948నుండి లెక్కించిన 55 ఏండ్లు. ఈలోపల రాయబారు లెందరో మారిరి. పుట్టిన ఊరు తనదని ఒక కూలివాడు చెప్పుకొనుటకు రెండు తరములు పట్టినది.