ఇరువది మార్కుల ప్రశ్న

రేడియో వాక్య సందేశము
వాక్యభాగము: లూకా సువార్త 10:25-37

నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతములలో ఈ సందేశము వింటున్న తలిదండ్రులారా, ముఖ్యముగా నర్సింగ్ ప్రవేశ పరీక్షకు సిద్ధపడుతున్న బిడ్డలారా, ఈ దినము మీతో మాట్లాడాలని ఆశపడుతున్నాను. బైబిలు దగ్గరున్నవారు లూకా సువార్త 10వ అధ్యాయము తెరచి ఉంచుకొనండి.

మన పల్నాడులో మిరప కోతలు, ఇంటరు పరీక్షలు ఇంచుమించు ఒకే కాలమున వస్తాయి. కూలికి వెళ్లిన తల్లి చీకటి పడ్డాక ఇంటికి వస్తుంది. కూతురు ఒక చేత పొయ్యి చూసుకొంటూ మరొక చేత జీవశాస్త్రము పుస్తకము పట్టుకొని ఉంటుంది. ఇంటరు అయిన వెంటనే ప్రవేశ పరీక్ష ఉన్నది. “ఆడపిల్లకు ఇంకా చదువెందుకు, సంబంధము చూడండి” అనే బంధువులొకవైపు, “నర్సు పనా?” అని మూతి విరిచేవారొకవైపు. ఇట్టి ఇల్లు మన సంఘములలో ఒకటి కాదు, అనేకములున్నవి.

నాలుగేండ్ల బి.ఎస్సీ. నర్సింగ్ కోర్సుకు భారతీయ నర్సింగ్ మండలి 2021లో క్రొత్త నిబంధనలు వెలువరించింది. ఆ సంవత్సరము డిసెంబరు 31 నాటికి పదిహేడేండ్లు నిండాలి. ఇంటరులో భౌతిక, రసాయన, జీవశాస్త్రములు, ఇంగ్లీషు ఉండాలి. ప్రవేశ పరీక్షకు మండలి సూచించిన నమూనాలో ఈ నాలుగింటికి ఇరువదేసి మార్కులు. ఇక మిగిలిన ఇరువది మార్కులు దేనికో తెలుసా? నర్సు పనికి తగిన మనస్సు, తగిన స్వభావము ఉన్నదో లేదో చూడడానికి. వారు దానిని ఆప్టిట్యూడ్ అంటారు. మన రాష్ట్రములో ఏ సంవత్సరము ఏ పరీక్ష ద్వారా సీట్లు ఇస్తారో విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయము నోటిఫికేషనులో చూసుకొనండి. నమూనా మారవచ్చును గాని, ఆ ఇరువది మార్కుల ప్రశ్న మాత్రము మారదు. ఆ ప్రశ్నను మన ప్రభువు ఎప్పుడో అడిగి ఉన్నాడు.

లూకా 10వ అధ్యాయములో ధర్మశాస్త్రోపదేశకుడొకడు లేచి ప్రభువును పరీక్షించాడు. ఆయన తిరిగి ప్రశ్న అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పాడు. దేవుని ప్రేమించాలి, పొరుగువానిని ప్రేమించాలి. వ్రాత పరీక్షలో అతనికి నూటికి నూరు మార్కులు! అప్పుడు ప్రభువు అతనిని యెరికో దారిలోనికి తీసికొనివెళ్లాడు. అక్కడ కొనప్రాణముతో పడియున్న మనుష్యుడొకడున్నాడు. యాజకుడు వచ్చాడు, లేవీయుడు వచ్చాడు. ఇద్దరికి వాక్యము కంఠతా వచ్చును. ఇద్దరు ప్రక్కగా వెళ్లిపోయారు. ఇరువది మార్కుల ప్రశ్న దగ్గర ఇద్దరు తప్పారు.

సమరయుడు మాత్రము వానిని చూచి జాలిపడ్డాడు. గ్రీకు మూలములో ఆ మాట కడుపులోని పేగులను సూచించే పదము నుండి వచ్చింది. మన తెలుగులో “కడుపు తరుక్కుపోయింది” అంటామే, అదే భావము. అయితే అతడు కన్నీరు కార్చి ఊరుకొనలేదు. గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టు కట్టాడు. తన వాహనము మీద ఎక్కించాడు. పూటకూళ్ల ఇంటికి తెచ్చి ఆ రాత్రి పరామర్శించాడు. వాక్యములో “మరునాడు” అనే మాట గమనించండి, అది రాత్రి డ్యూటీ! తెల్లవారిన తరువాత రెండు దేనారములిచ్చి, చూడవలసిన పనిని మరొకరికి జాగ్రత్తగా అప్పగించాడు. డ్యూటీ మారేటప్పుడు నర్సమ్మలు రోగిని తరువాతివారికి అప్పగించేది ఇట్లే గదా. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయములో లూకాను వైద్యుడని పౌలు పిలిచాడు. ఈ వివరములన్ని లూకా సువార్తలోనే కనబడుట ఎంత తగినది!

బిడ్డలారా, ఇక్కడ ఒక మాట. జాలి ఉంటే చాలు, చదువెందుకు అనుకోవద్దు. గాయమునకు ఏమి పోయాలో సమరయునికి తెలిసియున్నది. మందు మోతాదులో చుక్క ఒక స్థానము జరిగితే పదింతలు తేడా వస్తుంది. అర పాలు ఇవ్వవలసిన చోట ఐదు పాళ్లు ఇచ్చిన చేయి ఎంత ప్రేమగలదైనను ప్రాణము తీస్తుంది. కాబట్టి రసాయన శాస్త్రము ముందు కూర్చున్నప్పుడు, లెక్కలు చేస్తున్నప్పుడు, ముందు ముందు మీ చేతిలోనికి రాబోయే రోగిని తలంచుకొని చదవండి. అది కూడ పొరుగువానిని ప్రేమించుటయే. పరీక్షలకు ముందు హాల్ టిక్కెట్లు, పెన్నులు మందిరమునకు తెచ్చి ప్రార్థన చేయించుకొంటారు. సంతోషమే. కాని చదవని పాఠమును ప్రార్థించిన పెన్ను వ్రాయదు. ప్రార్థన భయమును తీసివేసి, మెలకువగా కూర్చుండే శక్తినిస్తుంది.

తలిదండ్రులారా, మీతో ఒక మాట. సీటు ఇప్పిస్తామని డబ్బు అడిగే దళారుల చేతిలో మీ కష్టార్జితము పెట్టకండి. కాలేజీకి నర్సింగ్ మండలి గుర్తింపు, విశ్వవిద్యాలయపు అనుబంధము ఉన్నవో లేవో ముందు విచారించండి. విదేశములలో జీతములు బాగుంటాయని మాత్రమే బిడ్డను పంపకండి. జీతము అవసరమే, ఆ పూటకూళ్లవానికి సమరయుడు సొమ్ము ఇచ్చాడు. అయితే సొమ్ము ఒక్కటే చూచినవాడు రాత్రి రెండు గంటలకు రోగి పిలిస్తే పలుకడు. సంఘ పెద్దలారా, సాయంకాలము మందిరములో దీపము వెలుగుతూ ఉండనివ్వండి. ఇంగ్లీషు వచ్చిన యవనస్థులు తెలుగు మీడియములో చదివిన చెల్లెళ్లకు ఒక గంట నేర్పవచ్చును. మిరప కోతల కాలములో ఒక పరీక్ష బిడ్డను పుస్తకము దగ్గర ఉండనిచ్చుట కూడ కానుకయే.

మరి రాంకు రాకపోతే? ప్రియులారా, ఈ ప్రశ్న దగ్గరనే మన బిడ్డలు కొందరు కృంగిపోతున్నారు. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ అమ్మగారి సంగతి వినండి. అమెరికాలో వైద్యవిద్య ముగించి 1883లో ఆమె గుంటూరుకు వచ్చారు. చేతిలో వైద్య పట్టా ఉన్నది. అయినను మిషను వారు మొదట ఆమెకు అప్పగించినది వైద్యము కాదు, బాలికల పాఠశాలలు, ఇండ్లలో స్త్రీలకు బోధించే పని. ఆమె అలిగి వెనుకకు వెళ్లలేదు. ఇచ్చిన పని చేస్తూనే తన యొద్దకు వచ్చిన రోగులను చూచారు. ఆసుపత్రి తెరువబడినది 1898లో, అనగా వచ్చిన పదిహేనేండ్లకు! 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. పల్నాడు 2022లో ప్రత్యేక జిల్లా కాకముందు మనమందరము ఆ గుంటూరు జిల్లావారమే. ఆమె మొదటి సంవత్సరములను బట్టి ఎవరైన తీర్పు తీరిస్తే, “ఓడిపోయింది” అని ఉందురు.

కాబట్టి అమ్మా, ఈ ఏడు సీటు రాకపోతే వచ్చే ఏడు వ్రాయవచ్చును. మూడేండ్ల జి.ఎన్.ఎం. కోర్సున్నది. వేరొక త్రోవ కూడ ఉండవచ్చును. కాని నీవు ఒక్కతెవే. ఫలితముల దినమున మనస్సు చీకటియైతే ఒంటరిగా గదిలో ఉండవద్దు. అమ్మతో చెప్పు, మీ కాపరితో చెప్పు, 14416 అనే ఉచిత టెలీ మానస్ నంబరుకు ఫోను చెయ్యి. తండ్రీ, ఆ దినమున “ఎంత ఖర్చు పెట్టానో తెలుసా” అనవద్దు. “అన్నము తిన్నావా” అని అడుగు. దారిలో పడినవారు మన ఇంటిలోనే ఉండవచ్చును, ప్రక్కగా వెళ్లిపోకుము.

ఆ కథ చివర ప్రభువు ఆ ఉపదేశకునికి మార్కులు వేయలేదు. వెళ్లి ఆలాగు చేయుమని పంపించాడు. ఆ ఇరువది మార్కుల ప్రశ్నకు మనమందరము ఈ రాత్రే మన ఇంటిలో జవాబు వ్రాయవలసియున్నది.

ప్రార్థించుకొందాము. పరలోకపు తండ్రీ, పుస్తకముల ముందు కూర్చున్న మా బిడ్డలకు జ్ఞాపకశక్తిని, నెమ్మదిని దయచేయుము. వారి చేతులను స్వస్థపరచే చేతులుగా సిద్ధపరచుము. రాంకు వచ్చినను రాకున్నను నీ ప్రేమ వారికి తోడుండునని తెలియజేయుము. తలిదండ్రులకు ఓర్పును, సంఘములకు జాలిగల హృదయమును అనుగ్రహించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.